బెంచీ నుంచి వచ్చే ఆటగాడి నిమిషాలకూ జట్టు గెలుపుకూ సంబంధం ఎంత?

ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో బాస్కెట్‌బాల్ రిజర్వు ఆటగాళ్ల గురించినవి నాలుగు ఉన్నాయి. ఒకదాని జవాబు మరొకదానికి పనికొచ్చేలా ఉండడంతో నాలుగింటినీ ఒకేచోట తీసుకున్నాము.

ప్రశ్న: నేను అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలను కొన్నేళ్లుగా క్రమం తప్పకుండా చూస్తున్నాను. నా అభిమాన జట్టులో బెంచీ నుంచి వచ్చే ఒక ఫార్వర్డ్ (ముందు వరస ఆటగాడు) ఉన్నాడు. సీజన్ పొడవునా స్కోరు పట్టికలు దగ్గర పెట్టుకుని లెక్క వేస్తే, అతడు పదిహేను నిమిషాలు దాటి ఆడిన ఆటల్లో మా జట్టు గెలుపుల శాతం, అంతకంటే తక్కువ ఆడిన ఆటల్లోకంటే బాగా ఎక్కువగా తేలింది. అయినా కోచ్ అతడికి పదేసి నిమిషాలకు మించి ఇవ్వడం లేదు. నా మిత్రులేమో, రిజర్వు ఆటగాడు ఎంతసేపు ఆడినా గెలుపోటములు తేలేది స్టార్ ఆటగాళ్ల చేతుల్లోనే అంటున్నారు. మాలో ఎవరి మాట సరైనది?

జవాబు: మీరు అభిప్రాయంతో సరిపెట్టుకోకుండా పట్టికలు తిరగేసి లెక్క కట్టినందుకు ముందుగా అభినందనలు. అంకెలు మీరు చెప్పినట్టే ఉండవచ్చు. కానీ వాటి నుంచి మీరు తీసిన అర్థం నిలవదు. మీ మిత్రుల మాట కూడా నిలవదు.

మీ లెక్కలోని చిక్కు ఇది: రిజర్వు ఆటగాడు ఎన్ని నిమిషాలు ఆడతాడన్నది ఆట మొదలయ్యే ముందే తేలిపోయే విషయం కాదు, ఆట ఎలా సాగుతోందో చూసి కోచ్ ఎప్పటికప్పుడు నిర్ణయించేది. జట్టు ఇరవై పాయింట్ల ఆధిక్యంతో నాలుగో క్వార్టర్‌లోకి అడుగుపెట్టిందంటే ప్రధాన ఆటగాళ్లు కూర్చుంటారు, రిజర్వులు ఆడతారు. గార్బేజ్ టైమ్ అని పిలిచే ఆ చివరి పది పన్నెండు నిమిషాలు పట్టికలో మీ ఫార్వర్డ్ పేరు పక్కన చేరి, అతడి మొత్తాన్ని పదిహేను దాటిస్తాయి. అతడు ఎక్కువసేపు ఆడినందువల్ల జట్టు గెలవలేదు, జట్టు అప్పటికే గెలిచేసింది కాబట్టి అతడు ఎక్కువసేపు ఆడాడు. ఫలితాన్ని కారణంగా పొరబడే ప్రమాదం ఈ తరహా లెక్కల్లో దాదాపు ప్రతిసారీ పొంచి ఉంటుంది.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మంచి జట్టు 82 ఆటల సీజన్‌లో 55 గెలిచి 27 ఓడిందనుకోండి. అందులో 15 గెలుపులు, 4 ఓటములు ఏకపక్షంగా ముగిశాయనీ, ఆ 19 ఆటల్లో మాత్రమే మన రిజర్వు ఆటగాడు పదిహేను నిమిషాలు దాటాడనీ, అతడి ఆట వల్ల జట్టుకు ఒక్క పాయింటు లాభం గానీ నష్టం గానీ లేదనీ అనుకుందాం. అప్పుడు అతడు ఎక్కువ ఆడిన ఆటల్లో జట్టు రికార్డు 15-4, అంటే దాదాపు 79 శాతం గెలుపులు. మిగిలిన 63 ఆటల్లో 40-23, అంటే 63 శాతం. ఏ ప్రభావమూ లేని ఆటగాడికి కూడా పదహారు శాతం తేడా ఇలా పుట్టుకొస్తుంది. ఏకపక్ష ఓటముల్లోనూ రిజర్వులు ఆడతారు కదా, రెండూ సరిపోవా అని మీరు అడగవచ్చు. మంచి జట్టుకు భారీ గెలుపులు ఎక్కువ, భారీ ఓటములు తక్కువ కనుక సరిపోవు. పైగా వెనకబడిన కోచ్ ఇంకా అందుకోగలమన్న ఆశతో ప్రధాన ఆటగాళ్లను మరికొంతసేపు ఆడిస్తాడు.

ఇదే చిక్కు తిరగబడి కూడా వస్తుంది. ప్రధాన ఆటగాడు గాయపడితే అతడి స్థానంలో రిజర్వు ముప్పై నిమిషాలు ఆడతాడు, జట్టు ఓడిపోతుంది, పట్టిక మాత్రం ఆ రిజర్వు ఆటగాడు ఎక్కువ ఆడితే జట్టు ఓడుతుందని చెబుతుంది. ఓటమికి కారణం వచ్చినవాడా, లేనివాడా అన్నది ఆ పట్టికలో కనిపించదు.

ఈ దోషాన్ని పూర్తిగా పోగొట్టలేకపోయినా చాలావరకు తగ్గించే మార్గం ఒకటి ఉంది. మొత్తం నిమిషాలను వదిలి, మొదటి అర్ధభాగంలో అతడు ఆడిన నిమిషాలను మాత్రమే తీసుకోండి. ఆ సమయానికి చాలా ఆటల్లో ఫలితం తేలి ఉండదు, కోచ్ తాను ముందుగా వేసుకున్న క్రమం ప్రకారమే ఆటగాళ్లను మారుస్తాడు. ప్రధాన ఆటగాడికి తొలి క్వార్టర్‌లోనే రెండు ఫౌళ్లు పడి, ఇంకా పడితే ఆట నుంచే తప్పుకోవలసివస్తుందని కూర్చోబెట్టినందువల్ల, రిజర్వు అనుకోకుండా ముందుగా వచ్చిన ఆటలు ఇంకా విలువైనవి. స్కోరుతో నిమిత్తం లేకుండా, దాదాపు చీటీ వేసినట్టుగా నిమిషాలు మారిన సందర్భాలు అవి. మీరు మళ్లీ లెక్క వేసినప్పుడు ముందు చూసిన తేడాలో ఎక్కువ భాగం కరిగిపోతే ఆశ్చర్యపడకండి.

ఇక మీ మిత్రుల వాదనకు వస్తాను. ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు, మైదానంలో ఒక్కో జట్టుకు ఐదుగురు, కాబట్టి ప్రతి ఆటకూ ఒక జట్టు పంచాల్సింది 240 నిమిషాలు. మొదటి ఐదుగురూ తలా 33 నిమిషాలు ఆడినా 165 అవుతాయి. మిగిలిన 75 నిమిషాలు, అంటే దాదాపు మూడో వంతు, బెంచీదే. ఆ మూడో వంతు సమయంలో పడిన పాయింట్లు కూడా అదే స్కోరుబోర్డు మీద కలుస్తాయి. వాటికి విలువ లేదనడం ఎలా కుదురుతుంది?

విలువ ఉంది సరే, ఎంత? ఎవరికివారు వేసుకోగల ఒక లెక్క చెబుతాను. ఒక జట్టు బంతిని చేతిలో ఉంచుకునే ఒక్కో విడతను పొసెషన్ అంటారు. 48 నిమిషాల ఆటలో ఒక్కో జట్టుకు ఇవి సుమారు నూరు వస్తాయి. కాబట్టి పది నిమిషాల్లో ఇరవై ఒకటి. మీ ఫార్వర్డ్ తాను ఎవరి నిమిషాలను తీసుకుంటున్నాడో ఆ ఆటగాడి కంటే నూరు పొసెషన్లకు మూడు పాయింట్లు మెరుగైనవాడనుకుందాం, ఇది చిన్న తేడా కాదు. అతడికి ఆటకు మరో పది నిమిషాలు ఇస్తే జట్టుకు ఆటకు 0.6 పాయింటు కలిసివస్తుంది. సీజన్ మొత్తం మీద సగటు పాయింట్ల తేడా ఒక పాయింటు పెరిగితే 82 ఆటల్లో రెండున్నర గెలుపులు అదనంగా వస్తాయని అంచనా. ఆ లెక్కన మీ ఫార్వర్డ్‌కు ఇచ్చే అదనపు పది నిమిషాల ధర సీజన్‌కు ఒకటిన్నర గెలుపు. లీగ్‌లోని ఒక్కో విభాగంలో (కాన్ఫరెన్స్) మొదటి ఆరు జట్లు నేరుగా టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌కు వెళ్లి, ఏడు నుంచి పది స్థానాలవారు అర్హత కోసం ప్లే-ఇన్ ఆడవలసివచ్చే పోటీలో ఒకటిన్నర గెలుపు తీసిపారేయదగినది కాదు. అయితే మీ పట్టికలో కనిపించినంత పెద్దది కూడా కాదు.

ఈ లెక్కలో నేను ఒక మాట మీద బరువు పెట్టాను: ఎవరి నిమిషాలను తీసుకుంటున్నాడు? నిమిషాలు గాలిలోంచి రావు, ఒకరికి ఇవ్వాలంటే మరొకరి నుంచి తీయాలి. ఈ సంగతిని నాకు బాగా విప్పి చెప్పిన ఉదంతం జెరమీ లిన్‌ది. 2012 ఫిబ్రవరి 4న న్యూజెర్సీ నెట్స్‌తో ఆటకు ముందు న్యూయార్క్ నిక్స్ రికార్డు 8-15. అంతకు రెండు నెలల ముందే రెండు జట్లు వదులుకున్న లిన్ ఆ రాత్రి బెంచీ నుంచి వచ్చి 25 పాయింట్లు చేశాడు, నిక్స్ 99-92తో గెలిచింది. అక్కడి నుంచి వరుసగా ఏడు ఆటలు గెలిచి 15-15కు చేరింది. ఆ ఏడింటిలో ఎక్కువ భాగం జట్టు స్టార్లయిన కార్మెలో ఆంథనీ గాయంతోనూ, అమారె స్టౌడమైర్ కుటుంబంలో విషాదం వల్లనూ ఆడలేదు. స్టార్లు లేనప్పుడు జట్టు గెలిచిందంటే లిన్ వాళ్ల కంటే గొప్పవాడని అర్థం కాదు. ఆ జట్టుకు అంతకు ముందు బంతిని నడిపించే పాయింట్ గార్డ్ సరైనవాడు లేడు, లిన్ తీసుకున్న నిమిషాలు ఆ ఖాళీలోవి. అదే లిన్ అప్పటికే మంచి గార్డ్ ఉన్న జట్టులో ఉంటే అవే నిమిషాలకు ఇంత విలువ వచ్చేది కాదు.

మీ ఫార్వర్డ్ విషయంలో మరొకటి కూడా చూడండి. పదేసి నిమిషాలు ఆడే ఆటగాడు ఎక్కువగా ఎదుటి జట్టు రిజర్వులతోనే తలపడతాడు. ఇరవై నిమిషాలు ఇస్తే అందులో సగం ఎదుటి ప్రధాన ఆటగాళ్ల మీద ఆడవలసివస్తుంది. ఇప్పుడు నిమిషానికి ఇన్ని పాయింట్లు అని మీరు చూస్తున్న సగటు అప్పుడు అలాగే ఉంటుందని చెప్పలేము. కొందరికి నిలబడుతుంది, చాలామందికి కొంత తగ్గుతుంది. మీ కోచ్‌కు శిక్షణలో రోజూ కనిపించేది మనకు కనిపించదు కనుక, అతడి నిర్ణయం తప్పని ఇక్కడి నుంచి తేల్చడానికి నాకు మనసొప్పడం లేదు.

ప్రశ్న: మా జట్టు స్టార్ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) విశ్రాంతికి వెళ్లగానే ఆధిక్యం కరిగిపోతుంది. అతడి బదులు వచ్చే సెంటర్‌కు ప్రతి ఆటలోనూ ప్లస్-మైనస్ మైనస్‌లోనే ఉంటుంది. అతణ్ణి మార్చేస్తే గెలుపులు పెరుగుతాయని నేననుకుంటున్నాను. ప్లస్-మైనస్ కంటే సూటి ఆధారం ఇంకేముంటుంది?

జవాబు: ప్లస్-మైనస్ సూటిగానే ఉంటుంది, కానీ అది ఒక్క మనిషి గురించి చెప్పదు. ఆటగాడు మైదానంలో ఉన్నంతసేపు తన జట్టు చేసిన పాయింట్ల నుంచి ఎదుటి జట్టు చేసినవి తీసివేస్తే వచ్చేదే ప్లస్-మైనస్. అందులో అతడితోపాటు ఉన్న నలుగురి పనీ, ఎదురుగా ఉన్న ఐదుగురి పనీ కలిసే ఉంటాయి. మీ బ్యాకప్ సెంటర్ విషయంలో పరిస్థితి ఇంకా కఠినం. స్టార్ బయటికి వెళ్లినప్పుడే అతడు లోపలికి వస్తాడు, ఇద్దరూ కలిసి ఎప్పుడూ ఆడరు. అప్పుడు ‘బ్యాకప్ ఉన్న సమయం’, ‘స్టార్ లేని సమయం’ ఒకే సమయానికి రెండు పేర్లవుతాయి. ఆ నిమిషాల్లో జట్టు వెనకబడితే అది స్టార్ గొప్పతనమా, బ్యాకప్ లోపమా? కేవలం స్కోరును పట్టుకుని ఈ రెంటినీ విడదీయడం కుదరదు. డెన్వర్ జట్టును గమనించేవారికి ఇది పాత సంగతే. 2021, 2022, 2024 సంవత్సరాల్లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం పొందిన దాని స్టార్ సెంటర్ నికోలా యోకిచ్ కూర్చున్న నిమిషాల్లో ఆ జట్టు ఏం చేస్తుందన్న ఆందోళన ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది, యోకిచ్ వెనక ఆడిన సెంటర్లు చాలామంది మీ ఆటగాడి లాగే నిందలు మోశారు. యోకిచ్ స్థాయి ఆటగాడితో పోలిస్తే లీగ్‌లోని ఏ బ్యాకప్ అయినా మైనస్‌లోనే తేలతాడు. అతణ్ణి పోల్చవలసింది స్టార్‌తో కాదు, మీ జట్టు నిజంగా తెచ్చుకోగల మరో బ్యాకప్‌తో.

తోటివారి ప్రభావాన్ని తీసివేయడానికి గణితంలో ఒక ప్రయత్నం జరిగింది. 2000 ప్రాంతంలో డాలస్ మావెరిక్స్ యజమాని మార్క్ క్యూబన్ కోసం, ఆయనకు ఒకప్పుడు పాఠం చెప్పిన ఇండియానా విశ్వవిద్యాలయ ఆచార్యుడు వేన్ విన్‌స్టన్, జట్ల ర్యాంకింగుల నిపుణుడు జెఫ్ సాగరిన్ కలిసి, మైదానంలోని పదిమంది ఎవరెవరన్నది లెక్కలోకి తీసుకుని ఒక్కొక్కరి వాటాను అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. 2004లో డాన్ రోజెన్‌బామ్ అనే ఆర్థికవేత్త ఈ తరహా లెక్కను బహిరంగంగా ప్రచురించాడు. సవరించిన ప్లస్-మైనస్ అని దీన్ని పిలుస్తారు. తోటి ఆటగాళ్ల కలయికలు తగినన్ని మారుతూ ఉంటే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఇద్దరు ఎప్పుడూ ఒకరి స్థానంలో ఒకరే మారుతుంటే ఇదీ తడబడుతుంది. అందుకే తరవాత వచ్చినవారు కొద్ది ఆధారం మీద పెద్ద అంకె తేలకుండా, ప్రతి అంచనానూ సగటు వైపు కొంత లాగే సవరణను చేర్చారు.

ఈ లెక్కలు బయటపెట్టిన ఆటగాళ్లలో నాకు ఎంతో ఇష్టమైనవాడు నిక్ కాలిసన్. పదిహేనేళ్లు ఒకే సంస్థలో, మొదట సియాటిల్‌లో, జట్టు తరలిపోయాక ఒక్లహామా సిటీలో ఉన్నాడు. ఎక్కువ కాలం బెంచీ నుంచే వచ్చాడు. జీవితకాల సగటు ఆటకు ఆరు పాయింట్లు కూడా లేదు. అయినా అతడు మైదానంలో ఉన్నప్పుడు జట్టు బాగా ఆడుతోందని సవరించిన లెక్కలు పదే పదే చూపించాయి. తోటివాడికి దారి చూపే అడ్డుకట్ట వేయడం, పరుగెత్తుకొచ్చేవాడికి ఎదురు నిలబడి ఛార్జింగ్ ఫౌల్ రాబట్టడం, సరైన చోట నిలబడి మాట్లాడుతూ రక్షణను నడిపించడం, వీటికి స్కోరు పట్టికలో గడులు లేవు. 2019లో ఒక్లహామా సిటీ జట్టు అతడి నాలుగో నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా విరమింపజేసింది. ఆ గౌరవం ఆ నగరంలో అందరికంటే ముందు దక్కింది స్టార్‌కు కాదు, అతడికే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఒక ఆటలోని ప్లస్-మైనస్‌కు దాదాపు అర్థమే లేదు. అది ఒక సీజన్‌కు కూడా పూర్తిగా స్థిరపడదు. ఆటకు పది నిమిషాల చొప్పున 82 ఆటలు ఆడినవాడికి 820 నిమిషాలు, ఒక్కో జట్టుకు దాదాపు 1,700 పొసెషన్లు. ఒక్కో పొసెషన్‌లో సున్నా రావచ్చు, మూడు రావచ్చు. ఈ చెదురుబాటును కూడి చూస్తే, ఆటగాడి ప్రతిభతో సంబంధం లేకుండా కేవలం అదృష్టం వల్లనే నూరు పొసెషన్లకు సుమారు నాలుగు పాయింట్లు అటో ఇటో కదలడం మామూలని తేలుతుంది. మొదటి జవాబులో నేను పెద్ద తేడా అన్నది మూడు పాయింట్లే. అంటే ఒక సీజన్‌లో అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట మనం వెతుకుతున్న ప్రభావం కంటే ఎక్కువ. మీ బ్యాకప్ ఆడుతున్నప్పుడు ఎదుటివారి మూడు పాయింట్ల షాట్లు వరుసగా పడితే, అతడి చేయి బంతికి పది అడుగుల దూరంలో ఉన్నా ఆ మైనస్ అతడి ఖాతాలోనే పడుతుంది. అతణ్ణి మార్చాలా వద్దా అన్నది తేల్చేందుకు రెండు మూడు సీజన్ల అంకెలు, వాటితోపాటు రింగ్ దగ్గర రక్షణ ఎలా ఉంది, రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ల నుంచి తిరిగొచ్చే బంతులు) ఎవరికి దక్కుతున్నాయి అని చూసే కళ్లు, రెండూ కావాలి.

ప్రశ్న: ప్లేఆఫ్స్‌లో కోచ్‌లు ఎనిమిది మందినే ఆడిస్తారు. అలాంటప్పుడు సీజన్ పొడవునా బెంచీకి నిమిషాలు ఇవ్వడం వృథా కాదా?

జవాబు: ప్లేఆఫ్స్‌లో బెంచీ కుదించుకుపోయే మాట నిజమే. కానీ ఆడే ఎనిమిదో మనిషి ఎవరన్నది తెలిసేది సీజన్‌లో ఇచ్చిన నిమిషాల వల్లనే. 2013-14లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టులో ఒక్కరి సగటు కూడా ఆటకు ముప్పై నిమిషాలకు చేరలేదు. ఆ జట్టు 62 ఆటలు గెలిచి, ఫైనల్స్‌లో మయామీని 4-1తో ఓడించింది. విశ్రాంతి వల్లనే గెలిచారని నేను అనను, అది గొప్ప జట్టు. కానీ ప్రధాన ఆటగాళ్ల నిమిషాలు తగ్గించినా గెలుపులు తగ్గనక్కరలేదని మాత్రం ఆ సీజన్ చూపించింది.

2015 ఫైనల్స్ ఇంకా ఆసక్తికరం. ఆండ్రె ఇగ్వొడాలా అంతకు ముందు పది సీజన్లలో ఆడిన ప్రతి ఆటనూ స్టార్టర్‌గానే మొదలుపెట్టినవాడు. ఆ ఏడు గోల్డెన్ స్టేట్ కోచ్‌గా వచ్చిన స్టీవ్ కెర్, తానే ఒకప్పుడు బెంచీ నుంచి వచ్చి 1997 ఫైనల్స్ ఆరో ఆటలో నిర్ణాయక షాట్ వేసినవాడు, ఇగ్వొడాలాను బెంచీకి మార్చాడు. ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ చేతిలో 1-2తో వెనకబడ్డాక, నాలుగో ఆటలో సెంటర్ ఆండ్రూ బోగట్ స్థానంలో ఇగ్వొడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. జట్టు ఆ ఆటను 103-82తో, ఆ తరవాతి రెండింటినీ కూడా గెలిచింది. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు ఇగ్వొడాలా. అతడు మొదటి మూడు ఆటల్లోనూ బెంచీ నుంచి వచ్చి చాలాసేపే ఆడాడు. అసలు మారింది ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరితో కలిసి నిలబడ్డారు అన్నది. పొడవాటి సెంటర్ లేని ఐదుగురు వేగంగా ఆడారు, ఎదుటివారు తమ ఆటను మార్చుకోవలసివచ్చింది. 2011 ఫైనల్స్‌లోనూ ఇలాగే, మయామీ 2-1 ఆధిక్యంలో ఉండగా డాలస్ జట్టు హోసె హువాన్ బరేయాను నాలుగో ఆట నుంచి మొదటి ఐదుగురిలోకి తెచ్చి వరుసగా మూడు గెలిచింది. ఈ రెండు కథలూ విని, మార్పు చేస్తే చాలు గెలుస్తామనుకోకండి. మార్చి ఓడిన జట్ల కథలు ఎవరూ చెప్పుకోరు.

ఒక్క ఆటను సాక్ష్యంగా తీసుకోవడంలోని ప్రమాదానికి ఇంకొక సంఘటన. 2012 నవంబరు 29న స్పర్స్ జట్టు టిమ్ డంకన్, టోనీ పార్కర్, మాను జినోబిలీ, డానీ గ్రీన్‌లను ఇంటికి పంపేసి, మిగిలినవారితో అప్పటి ఛాంపియన్ మయామీని దాని మైదానంలోనే ఎదుర్కొంది. ఇందుకు లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా విధించింది. ఆ ఆట ఆఖరి నిమిషం దాకా ఎటువైపైనా మొగ్గేలా నడిచి, 105-100తో మయామీ గెలిచింది. దీన్నిబట్టి డంకన్ అవసరం లేదని ఎవరూ అనరు. ఒక ఆటలో పాయింట్ల తేడా, జట్ల బలాబలాల అంచనా నుంచి పన్నెండు పాయింట్ల దాకా పక్కకు జరగడం సాధారణం కనుక, ఒక్క రాత్రి ఎవరైనా ఎవరితోనైనా పోరాడగలరు.

ప్రశ్న: నేను ఒక కళాశాల అమ్మాయిల జట్టుకు కోచ్‌ని. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆడతాము, సీజన్‌కు పదిహేను ఆటలకు మించవు. ఆరో, ఏడో ఆటగత్తెలకు ఎక్కువ సమయం ఇస్తే జట్టుకు మేలా, కీడా అన్నది ఇంత తక్కువ ఆటల్లో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ పని ఎన్‌బీఏ కోచ్ పని కంటే కష్టం, ఎందుకంటే మీ దగ్గర అంకెలు తక్కువ. మీ ఆట నాలుగు పదినిమిషాల క్వార్టర్లు, కాబట్టి పంచవలసినవి 200 నిమిషాలు. పదిహేను ఆటల గెలుపోటములను ఒక్క ఆటగత్తె నిమిషాలతో ముడిపెట్టి చూడడం మానేయండి. అందులో మీకు కనిపించేదంతా అదృష్టమే అయ్యే అవకాశం ఎక్కువ.

దానికి బదులు, పొసెషన్లను గమనించే పని ఒకరికి అప్పగించండి. ఆరో ఆటగత్తె లోపలికి వచ్చినప్పటి స్కోరు, బయటికి వెళ్లినప్పటి స్కోరు, ఆమెతో ఉన్న నలుగురి పేర్లు, ఎదురుగా ఆడింది వాళ్ల ప్రధాన ఆటగత్తెలా రిజర్వులా అన్నది రాయించండి. వాటికంటే ముఖ్యంగా, ఆమె ఉన్న సమయంలో మీకు ఎలాంటి షాట్లు దొరికాయో, ఎదుటివారికి ఎలాంటివి ఇచ్చారో రాయించండి. రింగ్ దగ్గర ఎవరూ అడ్డం లేకుండా దొరికిన షాట్ తప్పిపోయినా అది మంచి పొసెషనే. షాట్ పడిందా లేదా అన్నది రోజుకో రకంగా ఉంటుంది, ఎలాంటి షాట్ దొరికిందన్నది అంతగా మారదు, కాబట్టి పదిహేను ఆటల్లో కూడా దాన్నిబట్టి కొంత తెలుస్తుంది. బంతి చేజార్చుకున్న సార్లు, రక్షణ వైపు రీబౌండ్లు కూడా అలాంటివే.

ఫౌళ్ల లెక్క మరవకండి. మీ నిబంధనల్లో ఐదో ఫౌల్ పడితే ఆటగత్తె ఆట నుంచి తప్పుకోవాలి. ఎదుటివారి బలమైన ఫార్వర్డ్‌ను తొలి రెండు క్వార్టర్లలో ఎదుర్కొని, రెండు మూడు ఫౌళ్లు తన మీద వేసుకునే ఏడో ఆటగత్తె వల్ల మీ ప్రధాన ఆటగత్తె చివరి ఐదు నిమిషాల్లో నిర్భయంగా ఆడగలుగుతుంది. ఆ మేలు ఏడో అమ్మాయి పేరు పక్కన ఏ పట్టికలోనూ కనిపించదు, ఆటను చూసిన మీరు మాత్రమే ఆమెకు ఆ మాట చెప్పగలరు. తప్పకుండా చెప్పండి.

మీకు ఒక వెసులుబాటు కూడా ఉంది. సీజన్ మొదట్లో వచ్చే అయిదారు స్నేహపూర్వక పోటీల్లో, మొదటి మూడు క్వార్టర్ల వరకు ఎవరు ఏ నిమిషంలో వస్తారు, ఏ నిమిషంలో వెళతారన్నది ఆటకు ముందే చీటీ వేసి నిర్ణయించండి. ఆరో, ఏడో ఆటగత్తెలలో ఎవరు ముందు రావాలన్నది కూడా చీటీకే వదలండి. మొదటి ఉత్తరం రాసిన పాఠకుణ్ణి తప్పుదారి పట్టించిన చిక్కు దీంతో తొలగిపోతుంది, ఎందుకంటే స్కోరు చూసి మీరు నిమిషాలు మార్చరు. ఆ క్రమాన్ని కాగితం మీద రాసి, ఆట మొదలయ్యే ముందే మీ సహాయకురాలి చేతికి ఇవ్వండి. గాయమైతే, ఫౌళ్లు మించితే తప్ప, పది పాయింట్లు వెనకబడినా మూడో క్వార్టర్ ముగిసేదాకా దాన్ని మార్చవద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచండి. నాలుగో క్వార్టర్ మీ ఇష్టం.